పక్క సీటు బ్రేకు

తడిగుడ్డ పిండి కారులో పెడళ్లు తుడుస్తున్నాను. మామూలు కారుకు మూడే పెడళ్లు. డ్రైవింగ్ స్కూలు కారుకు అయిదు. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర మూడు, పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర ఒక క్లచ్చు, ఒక బ్రేకు. స్కూలుకు రెండు కార్లు. తెల్లది మామయ్యది, ఎర్రది అత్తది. పొద్దున మొదటి బ్యాచి వచ్చేలోగా రెండింటినీ కడిగి, లోపల దుమ్ము దులిపి, పెడళ్లకు అంటిన మట్టి తుడవడం ఆ వేసవిలో నా పని.

“గుడ్డ అలా కాదమ్మాయ్, మడత పెట్టు,” వరండాలోంచి మామయ్య అన్నాడు. “నీళ్లెక్కువయ్యాయి. కింద నుంచి పైకి తుడువు. నిదానం.”

“దాన్ని తుడవనివ్వండి!” వంటింటి కిటికీలోంచి అత్త కేక. “గుడ్డ పట్టుకోవడం మా అన్నయ్య ఇంట్లోనే నేర్పించి పంపాడు.”

“నేను అమ్మాయితో మాట్లాడుతున్నా.”

“నేను మీతో మాట్లాడుతున్నా. దానికి కూడా లాయరమ్మ చేత నోటీసు ఇప్పించాలా?”

మామయ్య నవ్వాపుకుంటూ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. విడాకులకు కాగితాలు పెట్టుకున్న మొగుడూ పెళ్లాలు ఇలా ఉంటారని నేను అనుకోలేదు.

మా ఊళ్లో చదువు అయిపోయాక, ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని నాన్న నన్ను తన చెల్లెలి దగ్గరికి పంపాడు. నేను బస్సు దిగి వచ్చిన రోజునే, టీ గ్లాసు చేతికిస్తూ అత్త చెప్పేసింది. “మీ మామయ్యా నేనూ విడిపోతున్నాం. కోర్టులో కాగితాలిచ్చాం. వేసవి సెలవులయ్యాక ఇంకోసారి పిలిచి అడుగుతారంట. ఇద్దరం సరే అంటే అయిపోతుంది. చక్కెర సరిపోయిందా?”

సరిపోయిందన్నాను. నేను సహజంగానే మాటలు తక్కువ మనిషిని.

డ్రైవింగ్ స్కూలుకు వేసవే సీజను. బడులకు సెలవులు. చదువుకునేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు, ఎప్పటినుంచో అనుకుంటున్నవాళ్లు, అందరూ అప్పుడే వస్తారు. వాళ్లిద్దరికీ విడిపోవడానికి కూడా తీరిక లేదు. అందుకని తాత్కాలికంగా మేడ మీద గది అత్త తీసుకుంది, కింద ఆఫీసు గదిలో బెంచీ మామయ్య తీసుకున్నాడు. వంటిల్లు ఉమ్మడి. గోడకు తగిలించిన బ్యాచిల పలక ఉమ్మడి. నేనూ ఉమ్మడే.

నేర్చుకునేవాళ్లు మామయ్యను ‘నిదానం సారు’ అనేవాళ్లు, ఆయన వినడని అనుకుని. అత్తను ‘పోనియ్ మేడమ్’ అనేవాళ్లు, ఆవిడ ముందే. అత్త కారు బంపరు నిండా సొట్టలు. మామయ్య కారు షోరూములో నిలబెట్టినట్టు ఉండేది. కాని అత్త దగ్గర నేర్చుకున్నవాళ్లు చకచకా లైసెన్సులు తెచ్చుకునేవాళ్లు. మామయ్య శిష్యులు మాత్రం ఎక్కడా ఎవరినీ గుద్దకుండా, మళ్లీ మళ్లీ టెస్టు తప్పి, మళ్లీ మామయ్య దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన మీద వాళ్లకు అంత గౌరవం.

విడాకుల సంగతి అందరికీ తెలుసు. కారణం మాత్రం ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. పిల్లలు లేకపోవడమేనని బట్టల కొట్టు ఆవిడ తేల్చేసింది. ఇదంతా సెల్‌ఫోన్ల వల్లనే అన్నాడు బ్యాంకులో రిటైరైన పెద్దాయన. మామయ్య ఫోనుకు ఇంకా నొక్కుడు బటన్లే ఉన్నాయి. ఇంకెవరో ఉండే ఉంటారని ఒకావిడ నా చెవిలో అంది. నేను మామయ్య వైపు చూశాను. చొక్కా జేబులో పెన్ను, మెడ చుట్టూ తువ్వాలు, కళ్లు రోడ్డు చివర ఎక్కడో కనపడీ కనపడని మేక మీద. ఆయనకు ఇంకొకరిని చూసే తీరిక ఉన్నట్టు నాకనిపించలేదు.

వాళ్ల కేసు చూస్తున్న లాయరమ్మ కూడా మామయ్య శిష్యురాలే. ఆడవాళ్ల క్లాసుకు తోడుగా నేను వెనక సీట్లో కూర్చునేదాన్ని. ఆవిడ నల్లకోటు మడత నా ఒళ్లో ఉండేది. స్టీరింగు చేతికి వస్తే ఆవిడకు మాటలు ఆగేవి కావు.

“నా దగ్గరికొచ్చే వాటిలో సగం తాగుడు కేసులమ్మా,” అద్దంలో నన్ను చూస్తూ చెప్పింది.

“ముందు చూడండి,” అన్నాడు మామయ్య.

“చూస్తున్నా సార్. తాగుడు తర్వాత అనుమానం. ఆ తర్వాత అత్తగారు. ఈ మధ్య ఫోన్లు. మొన్న ఒకాయన పెళ్లినాటి ఆల్బం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఏ ఫొటోలోనూ మా ఆవిడ నవ్వలేదు చూడండి మేడమ్ అంటాడు. పెళ్లయి పదేళ్లు! ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా అంటే, అటక మీదుంది, ఇప్పుడే దించాను అన్నాడు.”

కారు గతుక్కుమని ఆగింది. నా నుదురు ముందు సీటుకు తగిలింది.

“ఇప్పుడు బ్రేకు తొక్కింది నేనా, మీరా?” అంది లాయరమ్మ.

“నేనే. సైకిలొస్తోంది.”

“ఎక్కడ?”

“ఆ మలుపు దగ్గర.”

“అంత దూరంలోనా? అది మన దగ్గరికి వచ్చేసరికి నేను ఇంటికెళ్లి అన్నం తిని రావచ్చు సార్!”

“వస్తుంది కదా మరి,” అన్నాడు మామయ్య.

లాయరమ్మ నిట్టూర్చి మళ్లీ బండి స్టార్టు చేసింది. “అందరి కాగితాల్లో ఏదో ఒకటుంటుంది. మీ కాగితాల్లోనే ఏమీ లేదు. ‘మనస్తత్వాలు కలవలేదు’ అని రాసిపెట్టా. ఏమీ దొరకనప్పుడు రాసేది అది. ఆవిడ నాకూ చెప్పదు. అసలు ఎందుకు వద్దంటోందో మీకేమన్నా తెలుసా?”

మామయ్య ఆలోచించాడు. “గురక అనుకుంటా,” అన్నాడు.

నాకు కారణం తెలిసింది మేడ మీద, బట్టలు ఆరేస్తున్నప్పుడు. అడిగి తెలుసుకున్నది కాదు. పక్కన నిలబడి ఊరికే క్లిప్పులు అందిస్తూ ఉంటే చాలామంది వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు.

“నాకు కారు నేర్పింది మీ మామయ్యే తెలుసా?” అంది అత్త, దుప్పటి అంచు నాకిచ్చి. “పెళ్లయిన కొత్తలో. అప్పుడెంత బాగుండేదనీ! రోడ్డు మీదికెళ్తే గుండె దడ. పక్కకు చూస్తే ఆయన కాలు బ్రేకు మీద ఉండేది. అబ్బ, నాకోసం ఒకడు ఇలా కాపలా కూర్చున్నాడు కదా అని మురిసిపోయేదాన్ని. తర్వాత కారు దిగాం. ఆయన ఆ కాలు తియ్యలేదే.”

దుప్పటి ఇద్దరం చెరొక వైపు లాగి దులిపాం.

“కూర కలుపుతుంటే గరిటె పట్టుకుంటాడు. ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనుంచి అందిస్తాడు. నేను నవ్వు మొదలుపెడితే ‘పొలమారుతుంది’ అంటాడు. ఏ మాటా నేను చివరిదాకా అనలేదే పిల్లా. సగంలో ఆయన పూర్తి చేస్తాడు. అదీ సరిగ్గానే చేస్తాడు, తప్పు పట్టడానికి లేకుండా!”

“చెప్పి చూడలేదా అత్తా?”

“చెప్పబోతే కదా మిగతాది ఆయన చెప్పేది.” నవ్వింది. నవ్వుతూనే ఒక క్లిప్పు తీసి మళ్లీ అక్కడే పెట్టింది. “మీ నానమ్మ పోయిన రోజు ఊరికొచ్చాను చూడు. గుమ్మంలో పడుకోబెట్టిన అమ్మను చూశాను. ఏడుపొస్తోంది. ఇంకా గొంతు లేవనే లేదు. మీ మామయ్య భుజం మీద చెయ్యేసి, ‘నిదానం, నిదానం, ఊపిరి తీసుకో, ఇవిగో నీళ్లు తాగు’ అన్నాడు. తాగాను. ఆగిపోయిందే. ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.”

నేను ఇంకో క్లిప్పు అందించాను.

“ఇది కోర్టులో ఏమని చెప్పను? జడ్జిగారూ, మా ఆయన మంచినీళ్లిచ్చాడండీ, విడాకులిప్పించండి అనా?” అని, పిండిన తువ్వాలు విదిలించి నా మొహం మీద నీళ్లు చల్లి, కిందికి పరిగెత్తింది. అత్తకు అప్పుడు నలభై దాటాయి. మెట్లు మాత్రం చిన్నపిల్లలా దిగేది.

తర్వాత నాలుగైదు రోజులకు, నేను తెల్ల కారు తుడుస్తుంటే మామయ్య వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. గుడ్డ గురించి ఏమీ అనలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“అమ్మాయ్, మీ అత్త నీతో ఏమన్నా అందా? ఎందుకనీ...” ఆయన మాట పూర్తి చేయకుండా వదిలేయడం నేను వినడం అదే మొదటిసారి.

“మామయ్యా, ఒకసారి వంగి మీ బ్రేకు చూడండి,” అన్నాను.

వంగి చూశాడు. పక్క సీటు బ్రేకు రబ్బరు అరిగిపోయి, నున్నగా నల్లగా మెరుస్తోంది. ఒక మూల ఇనుము కూడా కనపడుతోంది.

“రబ్బరు మార్పించాలి,” అన్నాడు.

“ఎర్ర కారుది కూడా చూడండి.”

వెళ్లి ఎర్ర కారు తలుపు తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ రబ్బరు మీద అడ్డగీతలు కొన్ననాటిలాగే ఉన్నాయి. మామయ్య బొటనవేలితో ఆ గీతలు తడిమాడు.

“రెండూ ఒకేసారి కొన్నాం కదా.”

“అవును మామయ్యా.”

“మరి మీ అత్త పక్కన కూర్చుని ఏం చేస్తుంది?”

“చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది. మరీ మీదికొస్తే తప్ప కాలు కదపదు. వాళ్లు గోడకు తగిలించాక ‘ఇప్పుడు తెలిసిందా’ అంటుంది.”

ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పాను. “నానమ్మ పోయిన రోజు మీరు అత్తకు నీళ్లిచ్చారట.”

“ఇచ్చాను. తప్పా?”

“తాగాక ఏడుపు ఆగిపోయిందట.”

“ఆగాలనే కదా ఇచ్చింది,” అన్నాడు మామయ్య. మెల్లగా అన్నాడు. మొదటి బ్యాచి వాళ్లు గేటు తీసుకుని వచ్చేదాకా ఆ తలుపు దగ్గర అలాగే ఉన్నాడు, పోయిన వస్తువేదో వెతుకుతున్న మనిషిలా.

ఆ సాయంత్రం లాయరమ్మ క్లాసులో మామయ్య సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి, రెండు కాళ్లూ పైకి మడిచి బాసింపట్టు వేసుకున్నాడు.

“ఏంటి సార్, పంక్తిలో కూర్చున్నట్టు కూర్చున్నారు? ఆకు వెయ్యమంటారా?” అంది లాయరమ్మ.

“మోకాళ్లు పట్టేశాయి. మీరు పోనివ్వండి.”

ఆయన నోట ‘పోనివ్వండి’ అన్న మాట విని ఆవిడ స్టీరింగు వదిలేసి ఆయన వైపు చూసింది. “ముందు చూ...” అని మామయ్య దగ్గాడు.

ఆ క్లాసు నేను మరిచిపోలేను. తలుపు పైన ఉండే పిడి పట్టుకుని మామయ్య వేలాడుతున్నాడు. మెడ మీద తువ్వాలు చెమటకు తడిసిపోయింది. ఎదురుగా ఆటో వచ్చింది. లాయరమ్మే తప్పించింది. ఎవరో రోడ్డు దాటారు. లాయరమ్మే ఆపింది. ప్రతిసారీ మామయ్య మోకాలు పైకి లేచేది, రెండు చేతులతో దాన్ని కిందికి అదిమేవాడు. మా వీధి మలుపులో ఒక పెద్ద చెత్తడబ్బా ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఊరంతటికీ తెలుసు. లాయరమ్మ తిన్నగా వెళ్లి దాన్ని గుద్దింది.

ఢామ్మని మోగింది. తర్వాత ఇంజిను కూడా ఆగిపోయి, అంతా నిశ్శబ్దం.

“గుద్దానా?” అంది లాయరమ్మ.

“గుద్దారు,” అన్నాడు మామయ్య, కళ్లు తెరవకుండా.

“నేనేనా? మీరు ఏమీ చెయ్యలేదా?”

“ఏమీ చెయ్యలేదు.”

ఆవిడ గబగబా దిగి, బంపరు ముందు గొంతుక్కూర్చుని, సొట్టను వేలితో తాకి చూసింది. కోర్టులో ఎన్ని కేసులు గెలిచినా ఆ మొహం అంత వెలిగి ఉండదు. “ఎప్పుడు తొక్కాలో ఇప్పుడు తెలిసింది సార్!” అని అరిచింది.

ఇంటికొచ్చేసరికి అత్త గేటు దగ్గర నిలబడి ఉంది. తెల్ల కారు చుట్టూ తిరిగి వచ్చి సొట్ట దగ్గర ఆగింది.

“ఎవరు?”

“లాయరమ్మ.”

“అప్పుడు మీరెక్కడున్నారు?”

“పక్కనే ఉన్నా,” అన్నాడు మామయ్య, తప్పు చేసి దొరికినవాడిలా.

అత్త మొహంలో ఏమీ కదలలేదు. లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లో గిన్నెలు మోగాయి, ఆ మోతలోంచి అత్త నవ్వు వినపడింది. పొలమారింది కూడా. మామయ్య లేచి నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపి, ఆ చేతిని మళ్లీ వెనక్కి తీసుకుని, తల గోక్కున్నాడు.

ఆ తర్వాత ఇల్లంతా సగం మాటలతో నిండిపోయింది. “ఉప్పు...” అని ఆగేవాడు. “ఆ తలుపు...” అని ఆగేవాడు. అత్త టీ పెడుతుంటే చూసి తట్టుకోలేక వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. ఒకరోజు మధ్యాహ్నం పాలు పొంగి పొయ్యంతా పారుతుంటే, చూస్తూ నిలబడి, “పొంగుతున్నాయి అని నేను చెప్పడం లేదు,” అన్నాడు. అత్త ఆ రోజు భోజనం దగ్గర ఆయన ఎదురు కుర్చీలో కూర్చుంది. అంతకు ముందు ఒకరు తిన్నాక ఒకరు తినేవాళ్లు.

అన్ని రోజులూ అలా గడిచాయని కాదు. ఒక్కోసారి వరసగా మూడు సలహాలు ఇచ్చేసేవాడు. అత్త మొహం ముడుచుకుపోయేది, మేడ మీది తలుపు గట్టిగా పడేది. నాకు భయం వేసేది. సెలవులు అయిపోవస్తున్నాయి. కోర్టు తారీకు బ్యాచిల పలక మీద ఒక మూల సుద్దముక్కతో రాసి ఉండేది. ఇద్దరూ దాన్ని తుడవకుండా చుట్టూ రాసుకునేవాళ్లు.

లాయరమ్మకు లైసెన్సు వచ్చింది. నాకూ వచ్చింది. నాకు గేర్లు మామయ్య నేర్పాడు, భయం పోగొట్టింది అత్త.

కోర్టు రోజు పొద్దున ముగ్గురం తెల్ల కారు దగ్గరికి వచ్చాం. అత్త పక్క సీటు తలుపు పిడి మీద చెయ్యి వేసింది. మామయ్య కూడా అదే తలుపు మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఆ వైపే ఎక్కినవాళ్లు.

“నువ్వు కూర్చో.”

“మీ కారు, మీరే కూర్చోండి.”

“ఫర్లేదు, కూర్చో.”

“అయ్యో, ఇద్దరం ఇటే ఎక్కితే బండి ఎవరు నడుపుతారండీ?” అంది అత్త.

అప్పుడు ఇద్దరూ ఖాళీ డ్రైవరు సీటు వైపు చూశారు. ముందు మామయ్య నవ్వాడు. అత్త కారు పైకప్పు మీద తల ఆనించి నవ్వింది. విడాకులకు వెళ్తూ ఇదేమిటని, గోడ మీదుగా పక్కింటావిడ తొంగి చూసింది. నేను వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అత్త పక్కన కూర్చుంది. మామయ్య కొంచెంసేపు నిలబడి, వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. అక్కడ తొక్కడానికి ఏమీ ఉండదు.

నేను నడుపుతుంటే ఆయన కిటికీలోంచి పైకి చూస్తున్నాడు. “ఈ వీధిలో ఇంత పెద్ద మేడలున్నాయా?” అన్నాడు. “ఆ బాల్కనీలో చిలకలు పెంచుతున్నారే!” అన్నాడు. ఇన్నేళ్లుగా రోజూ తిరిగిన వీధి అది. ఆయన ఎప్పుడూ రోడ్డు తప్ప ఏమీ చూడలేదు. అత్త వెనక్కి తిరగలేదు కాని, ఆయన చిలకలన్నప్పుడు తల ఎత్తి ఆ బాల్కనీ వైపు చూసింది.

కోర్టు గది చిన్నది. జడ్జిగారు పెద్దావిడ, మెల్లగా మాట్లాడతారు. ఇద్దరికీ ఇష్టమేనా అని అడిగారు.

“తనెలా అంటే అలాగేనండి,” అన్నాడు మామయ్య.

“మీరు చెప్పండమ్మా.”

అత్త నోరు తెరిచింది. మాట రాలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. మామయ్య చటుక్కున ముందుకు వంగి, “ఆవిడ చెప్పేదేంటంటే...” అని, అంతలోనే అరచేత్తో తన నోరు తానే మూసుకున్నాడు. అలాగే మూసుకుని నిలబడ్డాడు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో కాగితాలు సర్దుతున్నారు. అత్త ఎంతసేపు తీసుకుందో! జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“నాకు ఇంకొంచెం టైం కావాలండి,” అంది అత్త చివరికి. “ఈయన ఈ వేసవిలోనే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఎండలో పొడి రోడ్డు మీద ఎవరైనా బాగానే నడుపుతారు. వానలో ఎలా నడుపుతాడో చూసి చెప్తాను.”

జడ్జిగారికి ఏమీ అర్థం కాలేదు. లాయరమ్మ వైపు చూశారు. లాయరమ్మ ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది, ఆవిడ భుజాలు కదులుతున్నాయి. కొన్ని వారాలకు వాయిదా ఇచ్చారు.

తిరిగి వస్తుంటే, సగం దారిలో అత్త అంది: “నేను కోర్టులో అన్న మాట అమ్మ వింటేనా, ఎంత నవ్వేదో.”

అలా అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. గొంతులోంచి ఇంకేదో వచ్చింది. కారు పక్కకు తీసి ఆపాను. అత్త రెండు చేతులూ మొహానికి పెట్టుకుని ఏడుస్తోంది, ముందు సన్నగా, తర్వాత గట్టిగా, చిన్నపిల్లలు ఏడ్చినట్టు వెక్కి వెక్కి. దారిన పోయేవాళ్లు చూస్తున్నారు. అద్దంలో నాకు మామయ్య కనపడ్డాడు. ఆయన చేతిలో నీళ్ల సీసా ఉంది. మూత సగం తిప్పాడు. అలాగే ఆగాడు. మళ్లీ బిగించి, సీసాను ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగాడు. ఆయన కళ్లు కూడా తడిగా ఉన్నాయి.

అత్త ఏడవవలసినంతా ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ముక్కు చీది, “అబ్బ, ఎంత తేలిగ్గా ఉందే,” అంది. “పోనియ్.”

పోనిచ్చాను.

వానలు ఆ ఏడు తొందరగానే వచ్చాయి. సీజను అయిపోయింది. బ్యాచిల పలక మీద ఆ తారీకు ఒక్కటే మిగిలింది. వాయిదాకు ముందు రోజు మధ్యాహ్నం లాయరమ్మ సొంత కారులో వచ్చి, గేటు ముందు ఒకే ఊపులో తిప్పి, గీత గీసినట్టు ఆపింది. మామయ్య వరండాలోంచి చూసి చప్పట్లు కొట్టాడు.

“కూర్చోను, తడిసిపోయా,” అత్తతో అంది లాయరమ్మ గుమ్మంలోనే నిలబడి. “చూడమ్మా, వాయిదా రేపే. కేసు వద్దనుకుంటే చీకటి పడేలోగా మా ఆఫీసుకొచ్చి సంతకం పెట్టు, వాపసు తీసుకుంటా. రాకపోతే రేపు కోర్టులో అయిపోతుంది. నీ ఇష్టం, నేనేం చెప్పను. వస్తే మాత్రం పెన్ను నువ్వే తెచ్చుకో. నా ఆఫీసులో ఒక్కటీ రాయదు.” మామయ్య వైపు తిరిగి, “మీరు నిన్ననే పెట్టేశారు సార్, గుర్తుందిగా,” అంది.

అత్త మామయ్య వైపు చూసింది. వాపసు కాగితం మీద సంతకం పెట్టి వచ్చినట్టు ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

లాయరమ్మ వెళ్లిపోయింది. వాన పెరిగింది. అత్త నాతో కలిసి బట్టలు మడత పెడుతోంది. మామయ్య బల్ల ముందు కూర్చుని టీలో రొట్టె ముంచుకు తింటున్నాడు. నేను ఒకే తువ్వాలును రెండుసార్లు మడత పెట్టాను. కిటికీ అవతల వెలుతురు తగ్గుతూ వస్తోంది. ఈ ఇంట్లో రేపటి నుంచి టీ ఎన్ని గ్లాసులు పెట్టాలో నాకు తెలియదు.

చివరి దుప్పటి మడత అయ్యాక అత్త లేచింది. జుట్టు ముడి వేసుకుంది. మేకుకు తగిలించిన ఎర్ర కారు తాళాలు తీసుకుంది.

మామయ్య తల ఎత్తాడు. ఆయన మొహంలో ఎన్ని మాటలు వరసకట్టాయో నాకు చదివినట్టే తెలుస్తోంది. వైపరు సరిగ్గా తుడవడం లేదని, మలుపులో నీళ్లు నిలుస్తాయని, పెద్ద రోడ్డు వద్దని, లైట్లు వేసుకోమని, నిదానమని. నోరు తెరుచుకుంది. చేతిలో ఉన్న రొట్టె మొత్తం ఒక్కసారిగా నోట్లో కుక్కేసుకున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల కింద ఆయన కాలు నేలను గట్టిగా తొక్కుతోంది. తొక్కనీ అనుకున్నాను. ఆ నేలకు ఏ బండీ తగిలించి లేదు.

గుమ్మం దాకా వెళ్లిన అత్త వెనక్కి వచ్చింది. బల్ల దగ్గర ఆగి, ఉబ్బిన ఆ మొహాన్ని నింపాదిగా చూసింది. ఆవిడ పెదవులు అదిరాయి, బిగబట్టుకుంది. వంగి, మామయ్య చొక్కా జేబులోంచి పెన్ను తీసి ముడిలో దోపుకుని, ఒక్క మాట కూడా అనకుండా వానలోకి దిగి వెళ్లిపోయింది.